ప్రమీలమ్మ వాకిట్లోకి వచ్చిన జీవం

తెల్లవారగానే తునికాకు కట్ట విప్పి, నీళ్లు చిలకరించి, తడి గోనెసంచిలో చుట్టిపెట్టడం నిరోష పని. ఆకు మెత్తబడేలోగా వాకిలి ఊడ్చి, చాయ్ కాచి, అత్తకొక గ్లాసు ఇచ్చి తనొక గ్లాసు తాగి, చాటలు రెండూ దులిపి ఎదురెదురుగా పెట్టేది. ఇక పొద్దు గూకేదాకా అత్తాకోడళ్లు కూర్చున్న చోటి నుంచి లేవరు. కత్తెర ఆకును కొలతకు కోస్తుంది, వేళ్లు తంబాకు పోసి చుడతాయి, దారం ముడి పడుతుంది, గోరు మూతి మడుస్తుంది. ఒక పక్క నిజాంసాగర్ నీళ్లు, ఒక పక్క చెరుకు తోటలు, నడుమ ఒళ్లో చాట పెట్టుకున్న ఆడవాళ్లు. ఆ ఊరంటే అంతే. ఒకళ్ల బీడీ చూసి అది ఎవరింటిదో చెప్పగలిగే ముసలమ్మలు అక్కడ ఇంకా ఉన్నారు.

అయితే ఆ ఎండాకాలం చివర, వానలు మొదలయ్యే మిరుగం ఇంకా పది రోజులుందనగా, నిరోష చేతులు చెప్పినమాట వినడం మానేశాయి. చుట్టిన బీడీ చుట్టినట్టే విచ్చుకునేది. మూతి మడిస్తే తెరుచుకునేది. కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే మనిషి ఆమె కట్టల్లోంచి గుప్పెళ్లకు గుప్పెళ్లు తీసి పక్కన పారేసి, "ఏందమ్మా, మనసు యాడ వెట్టి చుడ్తున్నవ్?" అని అడిగాడు.

మనసు బోధన్‌లో ఉంది. ఇంకా చెప్పాలంటే బోధన్‌లో ఒక పిండిగిర్నిలో ఉంది.

అక్క సుష్మ ఇంటికి పోయినప్పుడు మిరపకాయలు పట్టించుకు రమ్మంటే వెళ్లింది. గిర్ని నడిపే రాజేష్‌కు నలభై దగ్గర పడుతున్నాయి, పెళ్లాం జ్వరంతో పోయి మూడేళ్లయింది. కనుబొమల మీద పిండి, చొక్కా మీద కారం. ఒకటికి నాలుగుసార్లు చూశాడు, రెండుసార్లు మాట్లాడాడు. మూడోసారి కారం సంచి చేతికిస్తూ, ఏదో తూకం సంగతి చెప్పినట్టుగా చెప్పేశాడు. "నీకు ఇష్టమైతే మా పెద్దమనుషులను తోలిస్త. ఇష్టం లేకుంటే రేపటి సంది కారం ఇంకో గిర్నికి తీస్కపో. నేనేం అనుకోను."

నిరోష ఊ అనలేదు. కారం ఇంకో గిర్నికీ తీసుకుపోలేదు. పాపం, ఏమని చెప్తుంది? తను పెళ్లాం అవునో కాదో, తాడు తెగిందో లేదో ఆమెకే తెలియదు.

పెళ్లయిన ఏడో నెలలో మహేందర్ గల్ఫ్‌కు పోయాడు. ఏడాది పాటు శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఆ తర్వాత ఒక శుక్రవారం చేయలేదు. రూంలో ఉన్నవాళ్లను అడిగితే పొద్దున బయటికి పోయాడు, మళ్లీ రాలేదన్నారు. కంపెనీని అడిగితే పారిపోయాడని రాసుకున్నామన్నారు. జైళ్లలో వెతికించారు, దవాఖానాల్లో వెతికించారు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. తొమ్మిదేళ్లు గడిచాయి. ఊరి పెద్దలు రెండుసార్లు వచ్చి, గడ్డిబొమ్మ చేసి కాలబెట్టి దినాలు చేద్దాం, ఆ పిల్లకు ఒక దారి చూపిద్దాం అన్నారు. రెండుసార్లూ అత్త ప్రమీలమ్మ వాళ్ల మీదికి చాట ఎత్తింది.

"సచ్చినోని మొఖం సూడకుండ ఎవలన్న కాలవెడ్తరా? నా కొడుకు డ్యూటీకి పోయిండు."

ఇంటింటి లెక్కలకు వచ్చిన సార్లకూ అదే జవాబు. మహేందర్ ఎక్కడ అంటే డ్యూటీ. ఎప్పుడొస్తాడు అంటే డ్యూటీ అయిపోయినంక. ఆ ముసలి నోటికి ఎదురు చెప్పే మొనగాడు మండలంలోనే పుట్టలేదు. ఇక కోడలు చెప్తుందా?

ఆదివారం రాత్రి సుష్మ ఫోన్ చేసింది. "రాజేష్ వాళ్లు మొన్నటిదాక నీ మాట కోసం ఆగిండ్రే. ఇగ ఆగరట. వచ్చే ఆదివారం ధర్పల్లికి పిల్లను సూడ పోతున్నరు. పదింటికి బండి మాట్లాడిండ్రు. ఊ అంటవో, ఊహూ అంటవో, ఆ లోపల్నే అను."

అందుకే సోమవారం పొద్దున నిరోష చేతిలో ఆకు నిలవలేదు. సరిగ్గా ఆ సోమవారం పొద్దునే, వల తీయడానికి పోయిన చంద్రయ్య ఉత్త చేతులతో ఊళ్లోకి ఉరికొచ్చాడు. "ఒడ్డుకు ఏందో కొట్టుకొచ్చిందిరో! సచ్చింది గని ఏందో ఎరకైతలేదు!"

ఊరు ఊరంతా చాటలు కింద పెట్టి లేచింది. బీడీలు చుట్టే ఊరు పనిపూట లేచి నిలబడటం అంత తేలిగ్గా జరిగేది కాదు.

ఎండలకు సాగర్ నీళ్లు బాగా వెనక్కి జరిగి, ఒడ్డున పగుళ్లు తేలిన బురద చాలా దూరం బయటపడి ఉంది. నీటి అంచున పడుకుని ఉంది అది. రెండు బర్రెలను వరసగా పడుకోబెట్టినంత పొడుగు. తడిసిన నాపరాయి రంగు. కొమ్ములు లేవు, గిట్టలు లేవు, పొలుసులు లేవు. ముందుకాళ్లు ఉండాల్సిన చోట రెండు పొట్టి తెడ్లు. తోక చివర వెడల్పయి రెండుగా చీలింది. మూతి పెద్దది, మెత్తనిది, మేత మేసే జంతువుకున్నట్టుగా ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. కంపు లేదు. కాకులు గానీ కుక్కలు గానీ దగ్గరికి రాలేదు. ఒళ్లంతా తెల్లటి పొర కట్టి ఉంటే నాగవ్వ వంగి వేలితో గీకి నాలుక మీద వేసుకుంది. చప్పరించి, "ఉప్పు" అంది.

ఇక మొదలైంది లొల్లి.

"మొసలి," అన్నాడు చంద్రయ్య. "ముసల్దయి పొలుసులు రాలిపోయినయ్."

"మొసలికి పండ్లుండొద్దా? నోరు సూడు, మా అవ్వ నోరున్నట్టున్నది," అన్నారెవరో.

"నీటి ఏనుగు అయ్యుంటది," అన్నాడు బడిపంతులు అనిల్‌కుమార్, ఫోన్‌లో బొమ్మ వెతుకుతూ. బొమ్మ దొరికింది కానీ దానికి నాలుగు కాళ్లున్నాయి. పంతులు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నాగవ్వ ఇవేవీ ఒప్పుకోలేదు. "డ్యాం కట్టిన్నాడు ఒక దొర ఏనుగు మునిగిందని మా తాత చెప్తుండె. గదే ఇది. ఇన్నేండ్లు నీళ్లల్ల నాని తొండం ఊసిపోయింది."

ఏనుగుల తొండాలు ఊడవని చెప్పడానికి ఎవరి దగ్గరా సాక్ష్యం లేకపోవడంతో ఆ మాట చాలాసేపు నిలిచింది. ఆఖరికి ప్రేమ్ వచ్చాడు. పదేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వెనక్కి వచ్చినవాడు. వచ్చినవాడు వచ్చినట్టే ఆగిపోయి, గాలి పీల్చి, తల మీది రుమాలు తీసేశాడు.

"ఇది ఈ నీళ్లది కాదే. ఉప్పునీళ్లది. అక్కడ ఒడ్డుకు ఒకపారి కొట్టుకొస్తే సూశిన. సముద్రం అడుగున గడ్డి మేస్తదట. సముద్రపు ఆవు అంటరు."

"గంత దూరం కెళ్లి ఇక్కడికొచ్చిందా?" అన్నాడు చంద్రయ్య.

"వచ్చింది గద," అన్నాడు ప్రేమ్.

అంతే, ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది. వచ్చింది కళ్లముందు ఉండగా ఎట్లా వచ్చిందని అడగడం ఎవరికీ మర్యాదగా తోచలేదు.

నిరోష జనం వెనకాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఉప్పుగాలి కొంగు దాటి లోపలికి వచ్చింది. మహేందర్ ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు నవ్వుతూ అన్నాడు. "ఇక్కడ గాలి గూడ ఉప్పగనే ఉంటదే. పెదిమలు నాకితే సాలు, కూరల ఉప్పు ఎయ్యక్కర్లేదు." నిరోష వెనక్కి తిరిగి గబగబా ఇంటికి నడిచింది.

ఊరంతటిలో చూడటానికి రానిది ప్రమీలమ్మ ఒక్కతే. చాట ముందు అట్లాగే కూర్చుని ఉంది.

"ఏందట అది?"

"తెల్వదు అత్తమ్మా. ఎవలకూ తెల్వదు."

"తెల్వనిదానికి గింత లొల్లెందుకు? కూసో. ఆకు ఎండుతున్నది."

మధ్యాహ్నానికి మండలం నుంచి పశువుల డాక్టర్ ఉమారాణి వచ్చింది. చుట్టూ తిరిగి, కొలతలు తీసి, ఫోటోలు పట్టి, ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. జంతువు పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆమె చుట్టూ ఊరంతా మూగి తలా ఒక పేరు చెప్తుంటే, రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి విసుగొచ్చి 'జీవం' అని రాసి సంతకం పెట్టింది. సున్నం వేసి లోతుగా పాతిపెట్టమని చెప్పి వెళ్లింది. ట్రాక్టర్‌తో లాగి ఒడ్డునే గుంత తీసి పాతిపెట్టారు.

మంగళవారం పొద్దున అది మాజీ సర్పంచ్ ఆత్మారాం చెరుకు తోట అంచున ఉంది. గుంత పూడ్చినది పూడ్చినట్టే ఉంది. మట్టి మీద ఈడ్చిన జాడ లేదు. పడుకున్న తీరు కూడా మారలేదు, మూతి మాత్రం ఊరి దిక్కు తిరిగింది.

ఆత్మారాం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశాడు. "దీనికి యాడికో పోయేదున్నది," అన్నాడు. "మల్ల గుంత తొవ్వి పరేషాన్ చెయ్యకుండ్రి. పోనీయుండ్రి."

అది సబబుగానే ఉందనుకున్నారంతా. దారికి అడ్డంగా ఉన్న ముళ్లకంప తీసేశారు. కానీ ఊళ్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. ఇప్పుడు అది ఏమిటన్న మాట వెనకబడి, ఎవరింటికన్న మాట ముందుకొచ్చింది. అది వచ్చే దారిలో ఇల్లున్న ప్రతివాడికీ తను చేసిన పనులన్నీ వరసగా గుర్తుకు రాసాగాయి. మంగళవారం ఎండ తగ్గకముందే ఆత్మారాం పక్క చేనులోకి జరిపిన గట్టురాయిని తనే మోసుకొచ్చి పాత చోట పాతాడు. బుధవారం ఆ జీవం కాలువ తూము దగ్గర తేలింది. తూము ఎదురిల్లు నాగవ్వది. కూతురి పెళ్లికని అడిగి తెచ్చి ఏడేళ్లుగా ఇవ్వని ఇత్తడి గంగాళాన్ని నాగవ్వ చింతపండుతో తోమి, తల మీద పెట్టుకుని, అందరూ చూస్తుండగా అప్పుడు ఇచ్చినవాళ్ల ఇంట్లో దింపి వచ్చింది. "జరంత ఆలస్యమైంది," అంది. చంద్రయ్య తమ్ముడితో మాట్లాడాడు. మూడేళ్ల తర్వాత ఆ అన్నదమ్ములకు మాటలు కలిస్తే, చూసినవాళ్లు సంతోషించాల్సింది పోయి, రేపు అది ఎటు తిరుగుతుందోనని లెక్కలు వేసుకున్నారు.

గురువారం అది బడి గోడ దగ్గరుంది. బడి గోడ దాటితే మిగిలింది ఒకటే వాడ. ప్రమీలమ్మ వాడ.

ఆ రోజు అత్తాకోడళ్లు తలుపు దగ్గరికి వేసుకుని చుట్టారు. ఉక్కకు చెమట చాటలో రాలుతోంది. నిరోష కళ్లెత్తకుండా అత్త చేతులనే చూస్తోంది. ఆ చేతులు తొమ్మిదేళ్లలో ఒక్క వంకర బీడీ చుట్టలేదు. కొడుకు జాడ తెలియని మొదటి వారంలో కూడా చుట్టలేదు. ఇప్పుడు ఆ చేతులు ఆకు తీసి, తంబాకు పోయకుండానే చుట్టి, దారం కట్టి, మూతి మడిచి పక్కన పెట్టాయి. ఉత్త ఆకు. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. నిరోషకు అత్తంటే కోపం ఉండేది, భయం ఉండేది. జాలి మాత్రం ఆ మధ్యాహ్నమే మొదటిసారి కలిగింది.

"అత్తమ్మా."

"ఏంది?"

"మనం ఎవలకన్న ఏమన్న చేసినమా?"

ప్రమీలమ్మ తలుపు దిక్కు చూసింది. "తలుపు గడియ వెట్టు," అంది.

గడియ పెట్టారు. శుక్రవారం పొద్దున గడియ తీసేసరికి అది వాకిట్లో ఉంది. నిన్నటి ముగ్గు మీద పొట్ట, గడప మీద మూతి పెట్టుకుని పడుకుని ఉంది. బయట వాడంతా అప్పటికే చేరింది. ఎవరూ గొంతు పెంచలేదు. మిగిలినవాళ్లందరికీ మనసులు తేలికపడ్డాయి, ఆ తేలిక కనిపించనీయకుండా తలలు వంచుకున్నారు.

ప్రమీలమ్మ చాట ఎత్తలేదు. గడప లోపలే నిలబడి ఆ జీవంతో నేరుగా మాట్లాడింది.

"నీకేం గావాలె నా ఇంట్ల? సముద్రందానివట గదా. సముద్రంలకే పో. నా కొడుకు డ్యూటీకి పోయిండు. ఇక్కడ నీకెవలు లేరు."

"ప్రమీలక్కా," అన్నాడు ఆత్మారాం మెల్లిగా, "ఎవలింటికొస్తే వాళ్లే మన్ను చెయ్యాలె. అడివి జంతువైనా, మనిషైనా."

"నేను చెయ్య."

చెయ్యనని అక్కడే, గడప ఇవతల చతికిలబడింది. అవతల అది. పొద్దెక్కింది. జనం నీడల్లోకి జరిగారు. నిరోషకు ఇంట్లోంచి బయటికి పోవాలంటే ఆ మూతిని దాటాలి, దాటడానికి కాలు రాలేదు. పొయ్యి వెలిగించలేదు. కడవలోంచి చెంబుడు నీళ్లు ముంచి అత్తకు తెచ్చి ఇచ్చింది.

ప్రమీలమ్మ చెంబు అందుకుంది. తాగలేదు. కాసేపు పట్టుకుని కూర్చుని, ముందుకు వంగి, ఆ నీళ్లు దాని మొఖం మీద పోసింది. కొంగుతో ఉప్పు తుడిచింది. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ, పెదిమల మడతల్లో, స్కూలుకు పోయే పిల్లాడి మొఖం తుడిచినట్టు గట్టిగా, విసుగ్గా తుడిచింది. నీళ్లు చాలకపోతే చెంబు వెనక్కి చాచింది, నిరోష మళ్లీ ముంచి తెచ్చింది. మూడు చెంబులయ్యాక లేచి నిలబడింది.

"ఏ తల్లి కన్నదో," అంది. "ఎత్తుండ్రి."

సోమవారం ట్రాక్టర్ లాగిన దాన్ని ఆ రోజు ఆరుగురు భుజాల మీద మోశారు. కాలువ పక్కన ప్రమీలమ్మకున్న చిన్న పొలం చెక్కలో గుంత తీశారు. మొదటి పిడికెడు మట్టి ప్రమీలమ్మ వేసింది. రెండోది వేయమని ఎవరూ చెప్పకముందే నిరోష వేసింది.

శనివారం అది ఎక్కడికీ పోలేదు. అందరూ పొద్దున్నే లేచి చూశారు. కాలువ పక్కన మట్టికుప్ప అట్లాగే ఉంది.

ఆదివారం మూడొద్దులు. పోయినవాళ్లకు పిట్టకు పెట్టే రోజు. పాతిపెట్టిన చోట, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరం జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టుకుంటే తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ పిల్లలను చూసుకుంటం, నీ పొలం అమ్మం అని మాటిస్తుంటారు. ఏ మాటకు కాకి దిగితే ఆ మాట తప్పడానికి లేదు. తప్పినవాళ్లను ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

చిక్కేమిటంటే, ఈ పోయినదానికి ఏది ఇష్టమో ఎవరికి తెలుసు? అది ఏమిటో తేలితే గదా, ఏం తింటుందో తేలేది. దాంతో ఎవరు ఏదనుకున్నారో అదే తెచ్చారు. మొసలే అన్న చంద్రయ్య మాంసం కూర తెచ్చాడు. ఏనుగే అన్న నాగవ్వ చెరుకు గడలు నరికించి తెచ్చింది. నీటి ఏనుగు ఏం మేస్తుందో పంతులు కాలేజీలో చదివే మేనకోడలిని అడిగి నీటిగడ్డి కోయించాడు. సముద్రపు గడ్డి దొరక్క ప్రేమ్ ఆ దేశపుదే అని ఖర్జూరం పెట్టాడు. ఆత్మారాం ఎటుపోయి ఎటొచ్చినా ఉండనీ అని సీసాడు కల్లు పెట్టాడు. విస్తరి పెళ్లి విస్తరిలా నిండిపోయింది. అందరూ పెట్టాక ప్రమీలమ్మ ఒక మూలన గిన్నె బోర్లించి పక్కకు జరిగింది. పచ్చిపులుసు కలిపిన అన్నం. నిరోష దాన్ని గుర్తుపట్టింది. కొత్త కోడలిగా వచ్చిన ఏడు నెలల్లో ఒకే మనిషి కోసం తను అది ఎన్నిసార్లు కలిపిందో లెక్కలేదు. అత్త మొఖం చూసింది. అత్త ఇటు తిరగలేదు.

చెరుకు ఆకుల మీదికి కాకులు వచ్చి వాలాయి. పది పన్నెండు ఉంటాయి. వాలి, చూసి, కూర్చుండిపోయాయి.

తొమ్మిదయింది. కాకి దిగలేదు.

"పిల్ల చేపలొస్తే మల్ల నీళ్లల్లనే ఇడిసిపెడ్త," అని చంద్రయ్య మాటిచ్చాడు. ఒక కాకి రెక్కలు దులుపుకుంది, అంతే. ఆత్మారాం, ఇక ఎవరి గట్టూ జరపనన్నాడు. నాగవ్వ, ఎవరింటి గిన్నె తెచ్చినా మర్నాడే ఇస్తానంది. గల్ఫ్‌కు పోయే పోరగాళ్లకు కాగితాలన్నీ చదివి చెప్తానన్నాడు ప్రేమ్. అందరూ మంచి మాటలే ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు చెమటలు పట్టాయి కానీ కాకులకు పట్టలేదు.

నిరోష నడుము దగ్గర దోపుకున్న ఫోన్ వణికింది. తీసి చూడనక్కర్లేదు, సుష్మే. తొమ్మిదిన్నర. బోధన్‌లో బండి వచ్చి గిర్ని ముందు ఆగి ఉంటుంది. ఎవరో పూలు, పండ్లు లోపల పెడుతుంటారు. ఆమెకు అక్కడి నుంచి పరుగెత్తాలనిపించింది. ఎటు పరుగెత్తాలో తెలియక కాళ్లు మార్చి మార్చి నిలబడింది. ఫోన్ ఆగింది. మళ్లీ వణికింది. ఈ కాకి దిగితే చాలు, ఇంటికి పోయి తలుపేసుకుని ఏడవొచ్చు అనుకుంది.

ఇంటి పెద్దే మాట్లాడాలని అందరి చూపులూ ప్రమీలమ్మ మీదికి తిరిగాయి. ఆమె మట్టికుప్ప దగ్గరికి పోయి గొంతుక్కూర్చుంది.

"నా కొడుకును సూశినవా?" అని అడిగింది.

కాకులు కదల్లేదు.

"యాడున్నడు? మంచిగున్నడా?"

గాలికి చెరుకు ఆకులు రాసుకున్నాయి.

"వాపస్ వస్తడా?" ఈసారి మట్టి మీద చెయ్యి పెట్టింది. "ఒక్కపారి చెప్పు. నేనేం అనుకోను. వస్తడా?"

నాగవ్వ వెనక నుంచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అడుగుడు కాదు ప్రమీలా. పిట్ట ముందల ఎవలన్న అడుగుతరా? మాటియ్యాలె."

తొమ్మిదేళ్ల నుంచీ ప్రమీలమ్మ అడుగుతూనే ఉంది. కంపెనీని అడిగింది, పోస్టులో వచ్చిన ప్రతి కాగితాన్నీ అడిగింది, బస్సు దిగిన ప్రతి గల్ఫ్ మనిషినీ ఆపి అడిగింది. ఇవ్వడానికి తన దగ్గర ఏముందో ఎప్పుడూ చూసుకోలేదు. అప్పుడు చూసుకుంది. మెల్లిగా తల తిప్పి నిరోష వైపు చూసింది. ఇరవై మూడేళ్లకు వచ్చిన పిల్ల, ముప్పై మూడేళ్ల మనిషయి, కాలు మార్చి కాలు వేస్తూ ఎండలో నిలబడి ఉంది. ప్రమీలమ్మ అంతసేపు ఆ పిల్లను చూడటం అదే మొదలు.

మళ్లీ మట్టి వైపు తిరిగింది. గొంతులో తడి లేదు, గట్టిగా, స్పష్టంగా చెప్పింది.

"నీ పెండ్లాన్ని కట్టేసి కూసోవెట్టిన బిడ్డా. ఇడిసిపెడ్తున్న. దాని బతుకు దాన్ని బతుకనిస్త."

చివరి మాట నోట్లో ఉండగానే చెరుకు మీది నుంచి ఒక కాకి దిగింది. మాంసం కూర దాటింది, ఖర్జూరం దాటింది, కల్లు సీసా పక్క నుంచి నడిచి, మూలనున్న పచ్చిపులుసు అన్నంలో ముక్కు పెట్టి ఒక ముద్ద తీసుకుంది.

ఎవరూ అమ్మయ్య అనలేదు. ఏ మాటకు కాకి దిగిందో అందరికీ వినబడింది. ఎవరి పెళ్లాం అన్నదో వినబడింది. మగవాళ్లు తల మీది రుమాళ్లు తీశారు. ప్రమీలమ్మ ఆ కాకి తింటున్నంతసేపూ చూసి, అది ఎగిరిపోయాక, మట్టికుప్ప మీద బోర్లా పడి, "ఓ నా కొడుకా" అని ఏడ్చింది. తొమ్మిదేళ్లు దాచుకున్న ఏడుపు. కాలువ అవతలి చెరుకు తోటల్లో పనిచేసేవాళ్లు కూడా పని ఆపి నిలబడ్డారు. నిరోష వెళ్లి ఆమె పక్కనే కూలబడి, ఆ ముసలి వీపు మీద తల పెట్టి తనూ ఏడ్చింది. మొగుడి కోసం ఏడ్చిందా, అత్త కోసమా, తన కోసమా అంటే, మూడింటికీ ఏడ్చింది.

కొంతసేపటికి ఇద్దరు ముసలమ్మలు ముందుకొచ్చి, జరగాల్సింది జరగాలి గదా అన్నట్టు నిరోష చేయి పట్టుకున్నారు. గాజులు గలగలమన్నాయి. ప్రమీలమ్మ తలెత్తింది.

"ఆ గాజులు ముట్టుకుంటే మీ చేతులిరుగుతయ్."

ముసలమ్మలు చేయి వదిలేశారు. ప్రమీలమ్మ లేచి కూర్చుని, మట్టి అంటిన మొఖం కొంగుతో తుడుచుకుని, ముక్కు చీదింది.

"ఆ గిర్నాయన పేరేందే?"

"ఏ గిర్ని?"

"నేను ముసల్దాన్ని గని గుడ్డిదాన్ని గాను. నువ్వు నాలుగుసార్లు తెచ్చిన కారం ఇంట్ల అట్లనే ఉన్నది. పేరేంది?"

"రాజేష్."

"పెద్దమనుషులను ఇక్కడికి తోలియ్యుమను. మీ అక్కింటికి కాదు. నువ్వు నా బిడ్డవు, నా ఇంట్లకెళ్లే పోతవు."

"ఇగ ఏంది అత్తమ్మా," అంది నిరోష. "పదిన్నరైంది. ధర్పల్లికి పోయి ఉంటడు. పిల్లను సూడ."

"పోయిండో లేడో నీకెట్ల తెలుసు?" అంది ప్రమీలమ్మ. "నేను తెల్వకనే తొమ్మిదేండ్లు కూసున్న. నువ్వు కూసోకు. అడుగు."

నిరోష నడుములోంచి ఫోన్ తీసింది. రాజేష్ నంబరు రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కింది. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది, ఒక్కరూ పక్కకు జరిగే మర్యాద చూపలేదు. నాలుగు మోతలయ్యాక అవతల ఎత్తారు. ముందు మనిషి గొంతు వినబడలేదు. బోధన్‌లోనే, గిర్ని తిరుగుతున్న చప్పుడు వినబడింది.

ఆ చప్పుడులో నెమ్మదిగా చెప్తే ఏదీ వినబడదు. అందుకని పెద్దమనుషులను తోలియ్యుమన్న మాటను నిరోష అరిచి చెప్పాల్సి వచ్చింది, ఊళ్లోవాళ్లందరూ విన్నారు.